జాగ్రత్తలన్నీ ఒకే పేజీలో

చిక్కబళ్ళాపుర జిల్లా అయిన మరుసటి ఏడు ఆ ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి సర్దుతూనే ఉన్నారు. తాలూకా ఆఫీసులు జిల్లా ఆఫీసులయ్యాయి. బీరువాలు ఒక వీధిలోంచి ఇంకో వీధికి లారీలెక్కి పోయాయి. బోర్డుల మీద కొత్త రంగు ఆరకముందే వాటి కింద గుమాస్తాలు కుర్చీలు వేసుకున్నారు. ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే పురుషోత్తమ్ కూడా సర్దుతూనే ఉన్నాడు. కాకపోతే అతను సర్దేది బీరువాలు కాదు, ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ పేజీలు.

ఆ సిస్టమ్ ఏ కంపెనీ సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో జీతం భత్యం లేకుండా కూర్చుని తయారుచేసి ఊరికే పంచిపెడతారు. అందులో ప్రతి కమాండుకూ ఒక పేజీ ఉంటుంది. ఇది ఏం చేస్తుంది, ఎలా వాడాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అని. ఆ పేజీలు రాసే బృందం పురుషోత్తమ్‌కు రెండు అధ్యాయాలు అప్పజెప్పింది. ఒకటి జంట డిస్కుల గురించి. రెండు డిస్కుల్లోనూ ఒకే సరుకు పెట్టుకుంటే ఒకటి చెడిపోయినా రెండోది ఆదుకుంటుంది. ఇంకోటి నమ్మకపు లాగిన్ల గురించి. ఫలానా మిషన్ మనదే అని ఒకసారి పేరు రాసిపెడితే చాలు, అక్కడినుంచి ఎవరొచ్చినా పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి వదిలేస్తుంది.

పాత పేజీలు చదువుతుంటే పురుషోత్తమ్‌కు ఒళ్ళు మండేది. ఎవరో పిరికివాడు రాసినట్టు అడుగడుగునా జాగ్రత్తలే. కమాండుకు ముందొక జాగ్రత్త, వెనకొక జాగ్రత్త, చెప్పిందే మళ్ళీ చెప్పడం. అతను వాటన్నిటినీ గింజల్లోంచి రాళ్ళేరినట్టు ఏరేసి, విడిగా ఒకే పేజీలో కుప్ప పోశాడు. మిగతా పేజీల చివర మాత్రం 'జాగ్రత్తల పేజీ కూడా చూడండి' అని ఒక ముక్క తగిలించాడు. పేజీలు సగానికి సగం తగ్గి తళతళలాడాయి. బృందంలో వాళ్ళు ఆహా ఓహో అన్నారు. ఒక ముసలాయన మాత్రం, చెయ్యి తెగే చోటే హెచ్చరిక ఉండాలి గానీ పక్కగదిలో ఉంటే ఎవరు చూస్తారని మెయిలు రాశాడు. పురుషోత్తమ్ మర్యాదగానే జవాబిచ్చాడు. లోపల మాత్రం చాదస్తం అనుకున్నాడు.

ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్ళ నాన్న గంగాధరప్ప బాగేపల్లిలో చింతపండు మండీ నడుపుతాడు. "మావోడు కంప్యూటర్‌కే పుస్తకం రాస్తాండాడు" అని తూకానికి వచ్చిన రైతులకు కూడా చెప్పుకున్నాడు. బంధువులంతా కలిసి పురుషోత్తమ్‌ను మునగచెట్టు ఎక్కించారు. దిగే ఉద్దేశం అతనికీ లేకపోయింది.

ఆ వంశంలో ఒక పద్ధతి ఉంది. మనవాడు చేసిన పనిని మనం మళ్ళీ చూడకూడదు. తమ్ముడు తూచి పంపిన మూటను అన్న ఇంకోసారి కాటా మీద పెట్టాడంటే, తమ్ముడి చెంప మీద కొట్టినట్టే లెక్క. ఒకసారి ఎవరో అలా చేశారని రెండు ఇళ్ళ మధ్య పిలుపులు కూడా ఆగిపోయాయి. పరాయివాడి తూకాన్ని మాత్రం నూరుసార్లు చూసుకోవచ్చు. అందులో తప్పులేదు.

గంగాధరప్ప తమ్ముడు వెంకటరాయప్ప మండీల జోలికి పోకుండా చింతామణిలో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. బాగేపల్లిలో ఇంకో చిన్న దుకాణం ఉంది. దాన్ని చాకవేలు నుంచి వచ్చే అమరేష్ అనే కుర్రాడు చూసుకుంటాడు. కుర్రాడంటే మరీ కుర్రాడు కాదు, పెళ్ళీడు దాటుతున్నవాడే. రీలు కెమెరాలు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చాక కంప్యూటర్ పని వెంకటరాయప్ప కూతురు భాను నెత్తిన పడింది. మిషన్లు కూర్చోబెట్టింది పురుషోత్తమే. చింతామణిలో జంట డిస్కులు పెట్టాడు. బాగేపల్లి మిషన్ పేరును నమ్మకస్తుల వరుసలో రాశాడు. అమరేష్ పెళ్ళిళ్ళలో తీసిన ఫోటోలను అక్కడినుంచే చింతామణి డిస్కుల్లోకి పంపించి, కెమెరా కార్డు ఖాళీ చేసుకునేవాడు.

ఎండాకాలం పెళ్ళిళ్ళ హడావుడి ముగిసి, ఆల్బమ్‌లు ఇంకా తయారుకావలసి ఉండగా, జంటలో ఒక డిస్కు చెడింది. భాను ఫోన్ చేసింది.

"అన్నా, ఒక డిస్కు కిర్రుకిర్రుమంటాండాది. కొత్తది తెప్పించినా. నువ్వొస్తావా?"

"పరీక్షలు ఉండాయి భానూ, యాడ వచ్చేది? పేజీ ఉండాది గదా. దాంట్లో ఉండేట్టు చెయ్. నేను సర్దిందే."

"అట్లే చేస్తా. దానికి ముందు ఫోటోలన్నీ సీడీల్లోకి ఎక్కించి పెట్టుకుంటా. రెండు దినాలు పడ్తాది."

"దేనికి?"

"సుమ్నే అన్నా, ఊరికేనే. ఏమో, భయం."

పురుషోత్తమ్‌కు ముక్కు మీద కోపం వచ్చింది. "నేను రాసింది చూసి చేసేదానికి భయమేంటికి? నా మీద నమ్మకం లేదనా?"

"అయ్యో, అట్ల గాదన్నా" అంది భాను చిన్నబోయిన గొంతుతో.

ఆ సాయంత్రమే, సీడీల ఊసు ఎత్తకుండా, ఆమె పని మొదలుపెట్టింది. పేజీని ప్రింటు తీసి గోడకు అంటించుకుంది. ఒక్కో వరుసా చేసి, పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోయింది. చివరి కమాండులో రెండు డిస్కుల పేర్లు ఇవ్వాలి. ఏది ముందో ఆ వరుసలో లేదు. కొత్తది పై అరలో ఉంది కాబట్టి దాని పేరు ముందు ఇచ్చింది, పాతది కింద ఉంది కాబట్టి దాని పేరు తర్వాత ఇచ్చింది. మిషన్ చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ఖాళీ డిస్కును తీసుకుపోయి నిండు డిస్కు మీద అచ్చు దించింది.

ఫోటోలన్నీ పోయాయని రాత్రి భాను ఫోన్ చేస్తే, పురుషోత్తమ్ పొద్దున్నే బస్సెక్కాడు. చింతామణి చేరేసరికి స్టూడియో బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు హనుమక్క, పక్క పల్లె. వారం కిందట భర్త పోయాడు. ఆయన జన్మలో ఫోటో దిగింది వేసవిలో కూతురి పెళ్ళిలోనే. పెద్దకర్మకు పటం కట్టించుకోవాలని వచ్చింది. భాను ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి నిలబడి ఉంది. వెంకటరాయప్ప తలమీద చేతులు పెట్టుకున్నాడు.

"ఈయప్పేనమ్మా, మా అన్న కొడుకు" అన్నాడు వెంకటరాయప్ప. హనుమక్క లేచి నిలబడింది. లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. "నువ్వు కంప్యూటర్ పుస్తకం రాసినోడివంట గదప్పా. మా ఆయప్పను తీసియ్యప్పా" అంది.

పురుషోత్తమ్ మిషన్ ముందు కూర్చున్నాడు. డిస్కుల్లో ఏమీ లేదు. రెండూ కొత్త పలకల్లా ఉన్నాయి. చెడిపోయి బయట పెట్టిన డిస్కు అసలు తిరగనే లేదు. తల తిప్పి గోడకేసి చూశాడు. తన పేజీ, ప్రతి వరుస పక్కన భాను పెట్టిన టిక్కు. చివరి కమాండుకు పైన, ఇదివరకు ఒక హెచ్చరిక ఉండేది. మొదటి పేరు నిండు డిస్కుదే అయి ఉండాలి, తారుమారైతే ఉన్నదంతా పోతుంది, ముందే నకలు తీసుకోండి అని. ఇప్పుడక్కడ ఏమీ లేదు. జాగ్రత్తల పేజీ చూడమన్న ముక్క ఎక్కడో అడుగున ఉంది. శుభ్రంగా ఉంది. ఆ శుభ్రాన్నే మెచ్చుకుని అతను మురిసిపోయాడు. తల కొట్టేసినట్టయింది.

"ఏమైందిరా?" అన్నాడు వెంకటరాయప్ప.

నోరు తెరిస్తే చాలు, ఒక్క మాటలో అయిపోయేది. కానీ హనుమక్క అతని వంకే చూస్తోంది. చిన్నాయన చూస్తున్నాడు. పురుషోత్తమ్ నీళ్ళు నమిలాడు. తర్వాత, తన గొంతు తనకే పరాయిగా వినిపిస్తుండగా, ఇలా అన్నాడు. "బాగేపల్లి మిషన్ నుంచి వచ్చేదానికి పాస్‌వర్డ్ అడగదు చిన్నాయనా. ఆ దారిన ఎవరన్నా వచ్చి చెరిపేసి ఉండచ్చు."

ఉండచ్చు అన్నాడు. చేశారనలేదు. ఆ ఒక్క మాటను పట్టుకుని తాను అబద్ధం ఆడలేదని తర్వాత చాలాసేపు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. సర్దడంలో మొనగాడు కదా.

భాను వెనకనుంచి మెల్లగా అడిగింది. "నేను కమాండ్ కొట్టినాకనే గదన్నా పోయినాయి?"

"లేదు భానూ, నువ్వు సరిగ్గానే చేసినావు."

అది నిజమే. ఆమె పేజీలో ఉన్నట్టే చేసింది. ఆ నిజాన్ని కూడా అతను అబద్ధానికే వాడుకున్నాడు. చెల్లెల్ని నింద నుంచి తప్పించానని తిరుగు బస్సులో కాస్త గొప్పగా కూడా అనుకున్నాడు. అంతకంటే సిగ్గుమాలిన సంగతి ఇంకోటి లేదు.

బాగేపల్లి దారి అనగానే వెంకటరాయప్పకు అమరేష్ ముఖమే కనబడింది. అతను సొంతంగా స్టూడియో పెట్టుకుంటాడని ఎవరో అనుకోగా ఆయన చెవిన పడి ఉంది. ఇంకేం కావాలి? మర్నాడు బాగేపల్లి వెళ్ళి, బజారంతా చూస్తుండగా దుకాణం తాళాలు లాక్కున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావన్నాడు. ఇంకా అనరాని మాటలు అన్నాడు. పక్కన బట్టల కొట్టు పాపన్న, ఎదురు హోటలువాళ్ళు, బస్సుకోసం నిలబడ్డ వాళ్ళు అందరూ విన్నారు.

ఈ సంగతి ఫోన్‌లో చెప్పింది భానూనే. "అమరేష్ ఒగటే మాట అన్నాడంటన్నా. నేను తీసిన ఫోటోలను నేనే చెరుపుకుంటానా అని. అంతే, ఇంగేం మాట్లాడలేదంట. అన్నా, నిజంగా ఆయప్పే చేసినాడంటావా?"

"ఏమో, చూడాల" అన్నాడు పురుషోత్తమ్.

ల్యాబులో కూర్చుని ముందుగా చేసిన పని ఏమిటంటే, జాగ్రత్తలన్నిటినీ తీసుకొచ్చి వాటి వాటి చోట్ల మళ్ళీ పెట్టేశాడు. డిస్కుల పేజీలో డిస్కుల జాగ్రత్త, లాగిన్ల పేజీలో లాగిన్ల జాగ్రత్త. మార్పు ఎందుకు చేశారో ఒక ముక్క రాయాలి. 'చదువరుల సౌకర్యం కోసం' అని రాశాడు. రాసి, దాన్ని చూస్తూ కూర్చున్నాడు. లాగిన్ల పేజీలో తన చేత్తో తిరిగి పెట్టిన హెచ్చరిక కళ్ళెదుట ఉంది. ఒక మిషన్‌ను నమ్మామంటే ఆ మిషన్ దగ్గర కూర్చునే ప్రతి మనిషినీ నమ్మినట్టే అని దాని అర్థం. ఇంతకాలం తనను నమ్మిన వాళ్ళు ఎంతమందో, ఎందుకు నమ్మారో మొదటిసారి తట్టింది.

నాలుగు దినాలు ఎవరికీ ముఖం చూపించబుద్ధి కాలేదు. పిల్లలు డౌటు అడిగితే కసిరాడు. గంగాధరప్ప ఫోన్ చేసి, "నువ్వే కనిపెట్టినావంట గదరా దొంగను" అని మురిసిపోతే, సిగ్నల్ లేదని పెట్టేశాడు. కాలేజీ గేటు దగ్గర ఎవరో కుర్రాడు కెమెరా సంచి తగిలించుకుని పోతుంటే పక్కకు తప్పుకున్నాడు. చివరికి కూర్చుని బృందానికి మెయిలు రాశాడు. నేను హెచ్చరికను తీసి వేరే పేజీలో పెట్టినందువల్ల మా ఇంటివాళ్ళ ఫోటోలన్నీ పోయాయి, అది దాచి 'సౌకర్యం' అని రాశాను, క్షమించండి అని. ముసలాయన గంటలోపే జవాబిచ్చాడు. ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు రాసినందుకు మంచిది, ఇంకెవరికీ జరగకుండా పేజీలోనే ఈ సంగతి చేర్చుదాం అన్నాడు. జన్మలో ముఖం చూడని మనిషి ఒక్క మాటకే నమ్మాడు. పురుషోత్తమ్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక ఇంట్లో చెప్పడమెంత అనుకున్నాడు, పిచ్చివాడు.

ఆదివారం చింతామణి వెళ్ళి, చిన్నాయనను కూర్చోబెట్టి, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. పేజీ సంగతి, హెచ్చరిక సంగతి, బాగేపల్లి దారి అని తాను ఎందుకన్నాడో ఆ సంగతి. ఏమీ దాచలేదు.

వెంకటరాయప్ప అంతా విన్నాడు. ఆయన ముఖం మెల్లమెల్లగా విప్పారింది. "అన్న నిన్ను ఎట్ల పెంచినాడురా!" అన్నాడు.

"ఏంటికి చిన్నాయనా?"

"ఎవడో చాకవేలోడి బతుకు పోతాదని నీమీద ఏసుకుంటాండావే! నాకు తెల్దా? నువ్వు రాసిన పుస్తకంలో తప్పుంటాదా?"

"ఉండాది! నేనే చేసినా! అమరేష్ ఏమీ చేయలేదు!"

"సుమ్నే ఉండరా. నీ మనసు నాకు అర్థమైంది." ఆయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు. "నువ్వింతగా అడుగుతాండావు. సరే, వాన్ని మాఫీ చేస్తా. మళ్ళీ పనిలోకి తీసుకుంటా. అయిందా?"

పురుషోత్తమ్ ఎంత మొత్తుకుంటే ఆయనకు అంత ముచ్చటేసింది. మనవాడి తూకాన్ని మళ్ళీ చూడకూడదు, మనవాడే వచ్చి తూకం తప్పని చెప్పినా సరే. ఆ పద్ధతి చాటున ఇన్నాళ్ళూ దొరబాబులా బతికినవాడికి, అది ఊపిరాడకుండా చేస్తుందని అప్పుడు తెలిసింది.

భాను గడపలో నిలబడి అంతా వింది. తండ్రి చొక్కా మార్చుకోవడానికి లోపలికి పోగానే, "నేను నమ్ముతాండా అన్నా" అంది.

పురుషోత్తమ్‌కు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆమె ముఖంలో ఓదార్పు ఏమీ లేదు.

"నువ్వు సరిగ్గానే చేసినావు అని నాతో అన్నప్పుడే నీకు తెలుసన్న మాట" అంది. "నేను సీడీల్లోకి ఎక్కిస్తానంటి. నువ్వే వద్దంటివి. హనుమక్కోళ్ళ ఆయప్ప దినం దాటిపోయింది. పటం లేకుండానే చేసుకున్నారంట." ఇంకేమీ అనలేదు. కాఫీ తాగుతావా అని కూడా అడగలేదు. లోపలికి పోయింది.

వెంకటరాయప్ప ఆడిన మాట మీద నిలబడే మనిషి. ఆ పూటే పురుషోత్తమ్‌ను వెంటబెట్టుకుని బాగేపల్లి వెళ్ళాడు. దారిపొడుగునా అన్న కొడుకు భుజం తడుతూనే ఉన్నాడు. అమరేష్‌కు ముందే కబురు పోయింది. అతను చాకవేలు నుంచి వచ్చి, మూసిన షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. పాపన్న, హోటలువాళ్ళు, ఆరోజు తిట్లు విన్నవాళ్ళు చాలామందే పోగయ్యారు.

వెంకటరాయప్ప షట్టరు ఎత్తించి, అందరికీ వినబడేలా చెప్పాడు. "మనిషన్నాక తప్పు చేస్తాడు. మా పురుషోత్తమ్ వచ్చి వీనికోసం కాళ్ళావేళ్ళా పడినాడు. అందుకే మాఫీ చేసినా. రేపట్నుంచి పనిలోకి రా అమరేషూ."

"ఆయప్ప చేయలేదు!" పురుషోత్తమ్ అరిచినంత పని చేశాడు. "తప్పు నాది. నేను రాసిన పేజీ వల్ల పోయినాయి. నా పరువు పోతాదని ఆయప్ప మీదికి తోసినా. అందరూ వినండప్పా, నేను అబద్ధం చెప్పినా!"

పాపన్న తల ఆడించాడు. "చూస్తిరా? ఈ కాలంలో ఎవరు చేస్తారప్పా ఇట్ల? వంశం అట్లాంటిది." చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఎవరో కాఫీలు చెప్పారు. ఒక పెద్దాయన అమరేష్ వైపు తిరిగి, "ఇట్లాంటోళ్ళ కాళ్ళు మొక్కాల రా నువ్వు" అన్నాడు.

వెంకటరాయప్ప తాళాలు తీసి అమరేష్ చేతిలో పెట్టాడు. అమరేష్ వాటిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత కౌంటరు మీద, చప్పుడు కాకుండా, పెట్టేసి బయటికి నడిచాడు.

పురుషోత్తమ్ వెనకాలే పరిగెత్తాడు. బస్టాండు దగ్గర అందుకున్నాడు. చెయ్యి పట్టుకుంటే విదిలిస్తాడేమోనని పట్టుకోలేదు. ఎదురుగా నిలబడి, తల వంచుకుని, ఇంకోసారి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు. పేజీ, హెచ్చరిక, రెండు డిస్కుల పేర్లు, హనుమక్క ముందు నోరు పెగలకపోవడం, ఉండచ్చు అన్న ఆ మాట. ఇంతమందిలో ఈ ఒక్కడన్నా తనను నమ్మితే చాలనిపించింది.

అమరేష్ అడ్డు చెప్పకుండా విన్నాడు. అతని కళ్ళల్లో కోపం లేదు. అలసట ఉంది.

"నాకెందుకన్నా చెప్తాండావు?" అన్నాడు. "నేను చేయలేదని నాకు తెల్దా?"

చాకవేలు బస్సు వచ్చింది. అమరేష్ ఎక్కి అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. పురుషోత్తమ్ బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. వెనకనుంచి, కాఫీ చల్లారిపోతాండాది రారా అని చిన్నాయన కేకేశాడు.